మామయ్య బేరం

ఒంగోలు,
కేరాఫ్ రాఘవమ్మ గారి ఇల్లు, పై వాటా.
సెప్టెంబరు 3

నోరు మూతపడిన మా నతానియేలు మామయ్యకి మేనకోడలు ఆరాధన వందనాలు.

గొంతులో కాయలు కాశాయనీ, మూడు నెలలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడనీ రెబ్కా అత్తయ్య ఫోన్ చేసింది. ఆమె గొంతులో కాస్తయినా విచారం ఉందేమోనని శ్రద్ధగా విన్నాను. లేదు మామయ్యా. పైగా మధ్యమధ్య పాట పాడుకుంటోంది. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ముందు నిలబడి, ఆ ఘాటంతా మింగుతూ అరిచావు. పాపం గొంతు మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? వాట్సాప్ పెడదామంటే, నేనేం రాసినా నువ్వు దణ్ణం పెట్టే చేతుల బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు. అందుకే ఉత్తరం. జవాబు కూడా ఉత్తరమే రావాలి, చేతుల బొమ్మ గీసి పంపావంటే ఊరుకోను.

సంగతేమిటంటే, మేం ఇల్లు కొంటున్నాం! రెండు గదులు, వంటిల్లు, పైన డాబా. అమ్మేది బుల్లయ్య గారని రిటైరైన మాస్టారు. రెండు లక్షలు బయానా ఇచ్చాం. నవంబరు నెలాఖరులోపు బ్యాంకు లోను మంజూరు కాకపోతే బయానా మాకు తిరిగి రాదు, ఇల్లు వేరేవాళ్లకి అమ్మేస్తారు. అగ్రిమెంటులో అలాగే రాసుకున్నాం. ఆ రెండు లక్షలూ నా నైట్ డ్యూటీలు, ప్రకాష్ ట్యూషన్లు.

బ్యాంకులో మా ఫైలు తేజశ్రీ అనే అమ్మాయి చూస్తోంది. నవ్వుతూ కూర్చోబెట్టింది. మా అప్పుల చరిత్రంతా ఉండే సిబిల్ రిపోర్టు తీసి, నవ్వు ఆపేసింది. మా ఇద్దరి పేర్ల మీదా పాత బాకీలున్నాయట, వసూలు వాళ్లకి అప్పజెప్పినవి. అవి తీరితే గానీ లోను రాదంది. ప్రకాష్‌ది ఎప్పుడో షాపింగ్ మాల్‌లో ఉచితమని అంటగట్టిన క్రెడిట్ కార్డు. మరి నాది ఏమిటో చెప్పుకో చూద్దాం. మన గుడి కీబోర్డు!

గుర్తొచ్చిందా? పదేళ్ల కిందట నేను గుంటూరులో నర్సుగా చేరిన కొత్త. మన యూత్ మొత్తంలో జీతం చీటీ ఉన్నది నాకొక్కదానికే. "అక్కా, నువ్వు సంతకం పెడితే చాలు, వాయిదాలు కోత పండుగకి గుళ్లో కానుకలు వేలం వేసిన డబ్బులతో మేం కడతాం" అన్నారు. ఏడాది కట్టారు కూడా. తర్వాత పాస్టరు గారు బదిలీ అయ్యారు, యూత్ వాళ్లకి పెళ్లిళ్లయ్యాయి, నేను ఒంగోలు వచ్చేశాను. ఎవరికి వాళ్లు ఇంకొకరు కడుతున్నారనుకున్నారు. నోటీసులన్నీ నా పాత హాస్టలుకి వెళ్లాయి. అక్కడ ఎవరో వాటి మీద పకోడీలు తిని ఉంటారు.

కీబోర్డుకి అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ గుంటూరు ఆఫీసు పాత చోట లేదట. ఎక్కడికి మారిందో, ఎంత కట్టాలో కనుక్కుని రాయి. అంతే మామయ్యా. కట్టేది నేనొచ్చి కడతాను.

అత్తయ్యకి అభినందనలు చెప్పు.

ఆరాధన

*

పెదకాకాని,
సెప్టెంబరు 9

ఒసే కోడలా,

నోరు లేనివాణ్ణి చేసి ఆడుకుంటున్నావు. ఆడుకో. నవంబరు దాకా నీదే రాజ్యం.

ఇక్కడ నా బతుకు ఎలా ఉందో విను. మీ అత్తయ్య నాకు చిన్నపిల్లల పలక ఒకటి కొనిచ్చింది. నేను "కూరలో ఉప్పు లేదు" అని రాసేలోపు నా కంచం తీసేసి కడిగేస్తోంది. ఇన్నేళ్లలో నాతో ఇంత హాయిగా ఎప్పుడూ లేనని గుడిలో సాక్ష్యం చెప్పింది. ఆడవాళ్లంతా ఆమెన్ అన్నారు.

ఇల్లు కొంటున్నావని చదివి మీ అత్తయ్యకి చూపించాను. మీ అమ్మానాన్నలు ఉంటే బాగుండేది. వాళ్ల బదులు నేనున్నానుగా. నీకు సంబంధించిన పని నాకు ఒకటి చెప్పావు, అది చాలు.

కీబోర్డు నాకెందుకు గుర్తుండదు? ఇంకా గుడిలోనే ఉంది. రెండు మెట్లు పలకడం లేదు. ఆ రెండూ రాని పాటలే పాడుకుంటున్నాం.

అన్నట్టు మీ ఆయన్ని ఆ కార్డు వాళ్ల దగ్గరికి ఒంటరిగా పంపకు. పోయినసారి వచ్చినప్పుడు మా రోడ్డు మీద సీతాఫలాలు కొన్నాడు. ఎంతమ్మా అన్నాడు, ఆమె చెప్పింది, ఇచ్చేశాడు! బేరం లేదు, ఏం లేదు. ఇంకొంచెం ఎక్కువ చెప్పి ఉండాల్సిందని ఆ ముసలమ్మ ఇప్పటికీ బాధపడుతోంది. నేను యార్డులో ఉన్నన్నాళ్లూ ఎవరికైనా అడిగిన ధర ఇచ్చానంటే నా పేరు నతానియేలు కాదు.

ఆఫీసు సంగతి నాకొదిలెయ్.

ప్రస్తుతానికి మూగవాడైన మీ మామయ్య

*

ఒంగోలు,
కేరాఫ్ రాఘవమ్మ గారి ఇల్లు, పై వాటా.
సెప్టెంబరు 20

మామయ్యా,

నువ్వు భయపడినట్టే ప్రకాష్ కార్డు వాళ్ల దగ్గరికి ఒంటరిగానే వెళ్లాడు. అడిగినంతా కట్టేశాడు. బాకీ లేదని కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి, దాని ముందు నిలబడి ఫోటో దిగాడు. ఆ ఫోటో నీకు పంపమన్నాడు. నీ పరువు కాపాడటానికి పంపడం లేదు.

నువ్వు "నాకొదిలెయ్" అన్నావు. నాకు ఆ మాటంటేనే భయం. కనుక్కోమన్నాను, అంతే, గుర్తుంది కదా?

నీకు ఒకటి చెప్పాలి. మొన్న రాఘవమ్మ గారు పైకొచ్చి, "అమ్మాయ్, క్రిస్మస్‌కి ఆ నక్షత్రం గట్రా కట్టకండి, మా బంధువులు వస్తూ పోతూ ఉంటారు" అంది. ఇంకా సెప్టెంబరే మామయ్యా! ఆవిడ చెడ్డది కాదు. కరివేపాకు కోసిస్తుంది, నాకు జ్వరమొస్తే చారు కాచి పంపింది. కానీ ఈ ఇల్లు దొరకడానికి ముందు ఎన్ని గడపలు ఎక్కి దిగామో నీకెప్పుడూ చెప్పలేదు. గదులు చూపిస్తారు, కుళాయి తిప్పి చూపిస్తారు, అంతా నచ్చాక "మీరేమిట్లు?" అంటారు. చెప్పగానే, అయ్యో, మా తమ్ముడు వస్తానన్నాడు, మర్చిపోయానంటారు. ఈ ఒంగోలులో తమ్ముళ్లు లేని ఇంటివాళ్లని నేను చూడలేదు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నా అడ్రసులన్నీ కేరాఫే. కేరాఫ్ వార్డెన్. కేరాఫ్ హాస్పిటల్. కేరాఫ్ రాఘవమ్మ గారు. నాకు పెద్ద ఇల్లు అక్కర్లేదు. ఆ ప్రశ్న ఇంకెవరూ అడగని ఇల్లు కావాలి. దాని డాబా మీద గడకర్ర పాతి, అంత పొడవున నక్షత్రం కట్టాలి. అది బుల్లయ్య గారి వీధి మొదలుదాకా కనిపించాలి.

ఏడిపిద్దామని మొదలుపెట్టి ఏడ్చేశాను చూడు. అత్తయ్యకి ఈ పేజీ చూపించకు.

ఆరాధన

*

పెదకాకాని,
అక్టోబరు 7

కోడలా, కూర్చుని చదువు. నిలబడి చదివితే ఆనందం తట్టుకోలేక పడిపోతావు.

ఆఫీసు దొరికింది. ఏసీ గదిలో సుభానీ అనే కుర్రాడు కూర్చున్నాడు. మర్యాదస్థుడు. నా పలక చూసి మంచినీళ్లిచ్చాడు. నీ ఫైలు తీసి, అసలు, వడ్డీ, జరిమానా అన్నీ కలిపి ముప్పై ఎనిమిది వేలన్నాడు. నేను పలక తీశాను, బలపం తీశాను, మళ్లీ లోపల పెట్టేశాను. భుజం మీద తువ్వాలు తీసి టేబుల్ మీద పరిచాను. దాని కింద చెయ్యి పెట్టి, అతని వైపు చూశాను.

సుభానీ తువ్వాలు చూసి, పెద్దగా నవ్వాడు. "బాబాయ్! మా నాన్న ఎద్దుల బ్రోకరు!" అన్నాడు. తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

ఇప్పుడు యార్డులో అంతా కంప్యూటర్ మీదే ధరలు పెడుతున్నారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తెంపే మనిషి దొరికి ఎన్నాళ్లయిందో! వేలికి పది వేల లెక్కన నేను ఒకటి పట్టుకుంటే అతను మూడు పట్టుకున్నాడు. నేను చెయ్యి లాగేసుకుని లేచి వెళ్లినట్టు నటించాను. పిలిచాడు. హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. మళ్లీ తువ్వాలు. పక్క టేబుళ్ల వాళ్లు కూడా పని ఆపి చూశారు. చివరికి ఎంతకి తెగిందనుకున్నావు?

పదిహేడు వేలు! అక్కడికక్కడే కట్టేశాను. పాతబాకీ తేలిపోయిందని కాగితం కూడా ఇచ్చారు, ఇదిగో ఇందులో పెడుతున్నాను. ఆ పదిహేడు నువ్వు నాకివ్వక్కర్లేదు, ఇంటికి మేనమామ కానుక అనుకో. మిగిలిన ఇరవై ఒక్క వేలతో కిటికీలకి పరదాలు కొనుక్కో.

నోరు పెగలకుండా సగానికి సగం పైగా తెంపాను. ఈ మాట మీ ఆయనకి రెండుసార్లు చదివి వినిపించు.

మీ మామయ్య

*

ఒంగోలు,
కేరాఫ్ రాఘవమ్మ గారి ఇల్లు, పై వాటా.
అక్టోబరు 17

గౌరవనీయులైన మామయ్య గారికి,

మీరు పంపిన కాగితం అందింది. బ్యాంకులో ఇచ్చాం. మా కోసం చాలా శ్రమ తీసుకున్నారు, కృతజ్ఞతలు. ఇక్కడ అందరం క్షేమం. డ్యూటీలు ఎక్కువగా ఉండి ఎక్కువ రాయలేకపోతున్నాను. గొంతు జాగ్రత్తగా చూసుకోండి.

ఆరాధన

*

పెదకాకాని,
అక్టోబరు 22

ఏమయింది?

గారు అన్నావు. మీరు అన్నావు. నువ్వు పుట్టాక నన్ను మీరు అన్నది రెండే రెండుసార్లు. పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు ఒకసారి, మీ నాన్న పోయిన రోజు ఒకసారి. రెండుసార్లూ నా దగ్గర ఏదో దాచిపెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నావు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. మీ అత్తయ్య కూరలో ఉప్పు వేస్తానని కూడా మాటిచ్చింది.

దాచకు. తిట్టాలంటే తిట్టు. ఎదురు మాట్లాడలేను కదా, నీకు ఇంతకన్నా మంచి అదను దొరకదు.

మామయ్య

*

ఒంగోలు,
కేరాఫ్ రాఘవమ్మ గారి ఇల్లు, పై వాటా.
అక్టోబరు 27

మామయ్యా,

సరే, విను. కొంప ముంచావు.

చెప్పకూడదనుకున్నాను. నువ్వు అంత సంబరంగా రాసిన ఉత్తరాన్ని ప్రకాష్, నేను మూడుసార్లు చదువుకుని నవ్వుకున్నాం. ఆ మర్నాడు తేజశ్రీ నీ కాగితం చూసి తల పట్టుకుంది. బాకీ మొత్తం కడితే రిపోర్టులో బాకీ ముగిసిందని రాస్తారట. బేరమాడి తగ్గించి కడితే, ఈ మనిషి పూర్తిగా కట్టలేక రాజీకొచ్చింది, కంపెనీ ఇంత నష్టపోయిందని రాస్తారట. అలా రాసి ఉన్నవాళ్లకి ఇంటి లోను ఇవ్వరు. ఎన్నో ఏళ్లు అలాగే ఉంటుందట. నువ్వు ఇరవై ఒక్క వేలు మిగిల్చావు మామయ్యా, దాంతో నా ఇల్లు పోయేలా ఉంది.

సీతాఫలాలు బేరమాడటం రాని మా ఆయన ఫైలు శుభ్రంగా ఉంది. గెలిచి వచ్చిన నువ్వు నన్ను ముంచావు. నాకు నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. కోపం కూడా వస్తోంది. నేను కనుక్కో అన్నాను. కట్టమన్నానా? ఒక్క ఉత్తరం రాసి అడగలేకపోయావా? నీకు ఎక్కడైనా ఒక ధర వినబడితే చాలు, దాన్ని విరగ్గొట్టేదాకా చెయ్యి ఊరుకోదు.

తేజశ్రీ ఒక దారి చెప్పింది. మిగిలిన ఇరవై ఒక్క వేలూ కట్టేసి, పైసా బాకీ లేదని కంపెనీ దగ్గర కొత్త కాగితం తెస్తే, మేనేజరుతో మాట్లాడుతుందట. అది ఈ నెలాఖరు కాదు, వచ్చే నెలాఖరులోపు. నా చేతిలో ఉన్నదంతా బయానాకి, బ్యాంకు ఖర్చులకి పోయింది. నా గాజులు రెండు పెట్టి డబ్బు పంపిస్తాను. నువ్వు వెళ్లి, తువ్వాలు ఇంట్లో పెట్టి వెళ్లి, కట్టేసి రా.

తిట్టేశాను. తిట్టాక నువ్వే గుర్తొస్తున్నావు. అన్నం తిను.

ఆరాధన

*

పెదకాకాని,
నవంబరు 2

అమ్మా ఆరాధనా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. బాకీ తగ్గించినవాడు తప్పు చేసినట్టు రాస్తారా అని. రెండోసారి నువ్వు ఎక్కి దిగిన గడపలు గుర్తొచ్చాయి. మూడోసారికి చదవలేక మీ అత్తయ్యకి ఇచ్చాను. ఆమె చదివి, మడిచి నా జేబులో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున్నే సుభానీ దగ్గరికి వెళ్లాను. పలక మీద "మిగతా డబ్బు తీసుకో" అని రాశాను. అతను చదివి, పలక అటూ ఇటూ తిప్పి చూసి, "బాబాయ్, తగ్గించమని ఏడ్చినవాళ్లని చూశా, తిట్టినవాళ్లని చూశా. తగ్గించింది వద్దనే మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. మళ్లీ హెడ్డాఫీసుకి ఫోన్. వాళ్లకీ అర్థం కాలేదు. కట్టడానికి వచ్చానని వాళ్లని ఒప్పించడానికి, అప్పుడు తగ్గించడానికి పట్టినంత సేపు పట్టింది. చివరికి ఒప్పుకున్నారు. ఇరవై ఒక్క వేలు ఒక్కసారిగా కట్టాలి, కట్టిన రెండు రోజుల్లో కాగితం ఇస్తారు. నాకు సాయం చేయాలని ఆ కుర్రాడికి నిజంగా ఉంది.

ఇక నీ గాజులు. అవి తాకట్టు పెట్టి డబ్బు పంపావంటే, ఆ డబ్బు అదే బస్సులో తిప్పి పంపిస్తాను. ఆ కీబోర్డు నీ ఇంట్లో మోగిందా? ఈ ఊళ్లో పెళ్లిళ్లకి, చావులకి, ప్రతి ఆదివారం మోగింది. అది నీ బాకీ కాదు. వేలం డబ్బులతో కడతామని మాటిచ్చింది సంఘం. ఈ నెల ఇరవై నాలుగున కోత పండుగ. వేలంలోనే తీరాలి.

మీ ఆయనకి చెప్పు, సీతాఫలాల విషయంలో నేను మాట వెనక్కి తీసుకుంటున్నానని. ఆ ఒక్క విషయంలోనే.

మామయ్య

*

ఒంగోలు,
కేరాఫ్ రాఘవమ్మ గారి ఇల్లు, పై వాటా.
నవంబరు 9

మామయ్యా,

ఇరవై నాలుగు ఆదివారం. ముప్పై శనివారం గడువు. మధ్యలో నీకు రెండు రోజులు, బ్యాంకుకి రెండు రోజులు. నీ లెక్కలో ఎవరికీ తలనొప్పి కూడా రాకూడదు.

అంతకన్నా నాకు ఇంకో భయం. గుడిలో నా పేరు ఎత్తకు. ఇల్లు కొనే స్థోమత ఉండి గుడి దగ్గర చెయ్యి చాపిందంటారు. కోత పండుగకి జనం తెచ్చేది ఏమిటో నాకు తెలియదా? గుమ్మడికాయ, కోడి, మొదటి కోత మిరపకాయలు, కూలీకి వెళ్లి దాచుకున్న రూపాయలు. వాటితో నా లోను తీరాలా? వద్దు మామయ్యా. గాజులు తాకట్టు పెట్టడం నాకు నామోషీ కాదు, ఇది నామోషీ.

అసలు నువ్వు వేలం ఎలా పాడతావు? ప్రతి ఏడూ నీ గొంతే కదా అక్కడ మోగేది. ఈసారి పాస్టరు జక్రయ్య గారే వేలం వేస్తారని అత్తయ్య చెప్పింది. నోరు మెదిపావంటే డాక్టరు కన్నా ముందు నేనొచ్చి నీ పని పడతాను.

ఆరాధన

*

పెదకాకాని,
నవంబరు 26

కోడలా,

ఈ ఉత్తరం పోస్టులో కాదు, ఆర్టీసీ పార్సిల్లో పంపిస్తున్నాను. ముందు లోపలున్న కాగితం తీసి ప్రకాష్ చేతికిచ్చి బ్యాంకుకి పరిగెత్తించు. తర్వాత తీరిగ్గా ఇది చదువు.

పంపావా? సరే, విను.

ఆదివారం ప్రార్థన అయ్యాక వేలం బల్ల వేశారు. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, పందెంకోడిలాంటి ఒక పుంజు. నేను వెళ్లి కీబోర్డు మోసుకొచ్చి పుంజు పక్కన పెట్టాను. పుంజుకి నచ్చలేదు, పొడిచింది. పాస్టరు గారు, "నతానియేలు గారూ, ఇది గుడిదే కదా, దీన్ని ఎలా వేలం వేస్తాం?" అన్నారు. నేను పలక ఇచ్చి చదవమన్నాను. నీ పేరు ఎత్తొద్దన్నావు. ఎత్తలేదు. రాశాను.

పలక మీద ఇంతే ఉంది: "ఇది ఇంకా గుడిది కాదు. దీని మీద బాకీ ఉంది. మన పిల్ల ఆరాధన సంతకం మీద పదేళ్లు పాటలు పాడుకున్నాం. ఆ సంతకం వల్ల ఇవాళ ఆమెకి ఇల్లు రావడం లేదు. కడతామన్నది మనం."

పాస్టరు గారు అందరికీ వినపడేట్టు చదివారు. అప్పటి యూత్ వాళ్లు, ఇప్పుడు పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో వెనక నుంచి, "అది తీరలేదా? తీరిపోయిందనుకున్నామే!" అన్నారు. ఇంకొకాయన, నువ్వు కడుతున్నావనుకున్నా అంటే, నువ్వు కడుతున్నావనుకున్నానని పక్కాయన. కాసేపు అక్కడ కోత పండుగ పోయి పోట్లాట పండుగ అయ్యేటట్టు ఉంది.

అప్పుడు నేను భుజం మీద తువ్వాలు తీసి మీ అత్తయ్య ఒళ్లో పడేశాను. చెయ్యి పైకెత్తి, అందరికీ కనబడేట్టు ఒక వేలు చూపించాను. వెయ్యి. జన్మలో మొదటిసారి తువ్వాలు లేకుండా బేరం పెట్టాను కోడలా, బట్టలు లేనట్టు అనిపించింది. కీబోర్డు వాయించే జెస్సీ వాళ్ల నాన్న లేచి రెండు అన్నాడు. నేను మూడు చూపించాను. ఆయన నాలుగుకి పాడి, డబ్బు పళ్లెంలో వేసి, "కీబోర్డు మళ్లీ సంఘానికే" అన్నాడు. అంటే మళ్లీ వేలం! కోడినైతే మూడుసార్లు అమ్ముకున్న రోజులున్నాయి గానీ, ఈ కీబోర్డు ఎన్నిసార్లు అమ్ముడుపోయి వెనక్కి వచ్చిందో నేను లెక్కపెట్టలేకపోయాను. కూలి డబ్బులన్నావు. ఇచ్చారు. ఎవరి ముఖంలోనూ నేను దయ చూడలేదు. బాకీ తీర్చేవాళ్ల ముఖాలు నాకు తెలుసు, ముప్పై ఏళ్లు అవే చూశాను. అవే ముఖాలు.

ఇరవై వేల దగ్గర ఆగింది. ఇంకెవరి దగ్గరా లేదు. పాస్టరు గారు నా వైపు చూశారు. అప్పుడు మీ అత్తయ్య లేచింది. కొంగు ముడి విప్పి, నేను మాట్లాడని నెలల్లో మిగిల్చుకున్న డబ్బులట, వెయ్యి పళ్లెంలో పెట్టింది. నేను మాట్లాడితే ఆమెకి డబ్బెలా ఖర్చవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ పైన జరిగింది నా తప్పు కాదు. వెయ్యి ఒకటోసారి అన్నారు పాస్టరు గారు. రెండోసారి అన్నారు. మూడోసారి అనడం మాని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. వేలం అలా మధ్యలో వదిలేయకూడదు. "మూడోసారీ!" అని నేనే అరిచేశాను. కప్ప అరిచినట్టు వచ్చింది. పుంజు కూడా బెదిరింది. డాక్టరుకి చెప్పకు.

సోమవారం పొద్దున్నే కట్టేశాను. సుభానీ ఆ కాగితం కోసం హెడ్డాఫీసు వాళ్లని నిద్రపోనివ్వలేదట. ఇవాళే ఇచ్చాడు.

మామయ్య

*

ఒంగోలు,
కేరాఫ్ రాఘవమ్మ గారి ఇల్లు, పై వాటా.
నవంబరు 29

మామయ్యా,

మంజూరైంది! సాయంత్రం నాలుగింటికి మేనేజరు సంతకం పెట్టారు. తేజశ్రీ మళ్లీ నవ్వింది. ప్రకాష్ బ్యాంకు మెట్ల మీదే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. బుల్లయ్య గారికి ఫోన్ చేస్తే, "గడువుకి ముందు రోజు వరకూ ఆగేవాళ్లు మా క్లాసులో కూడా ఉండేవాళ్లమ్మా" అన్నారు.

పలక సంగతి చదివి ముందు నీ మీద మండిపడ్డాను. నామోషీ అన్నాను కదా. వార్డులో బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని మళ్లీ చదివాను. ఆ ఇచ్చినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంటాను. వాళ్లందరూ నా ఇంట్లో ఒక పూట భోజనం చెయ్యాలి. ఉప్పు నేనే వేస్తాను, అత్తయ్యని వెయ్యనివ్వను.

నిన్ను కొంప ముంచావన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. ముంచావు. తర్వాత లోపలికి దూకి పైకి లాగావు. రెండూ నువ్వే చేశావు మామయ్యా, నీకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

ఆరాధన

*

ఆరాధన, ప్రకాష్,
బుల్లయ్య మాస్టారి వీధి, చివరి ఇల్లు,
ఒంగోలు.
డిసెంబరు 14

మామయ్యా,

పైన అడ్రసు చూశావా? మళ్లీ చూడు.

నేను చెప్పాల్సింది ఇంకేం లేదు. ఇరవై రెండు ఆదివారం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం, నువ్వూ అత్తయ్యా రావాలి. మేం పై వాటా ఖాళీ చేసి వచ్చేటప్పుడు రాఘవమ్మ గారు మా సామాను రిక్షాలోకి ఎక్కిస్తూ, "ఇంతకీ మీ కొత్తింట్లో నక్షత్రం కడతారా?" అంది. కడతామండీ అన్నాను. "చూడటానికి వస్తాలే" అంది.

ఆరాధన

*

పెదకాకాని,
డిసెంబరు 18

కోడలా,

చూశాను. కవరు వెనక కూడా చూశాను. మీ అత్తయ్య ఆ కవరు చించకుండా అంచు మీద తడిచేసి విప్పింది, బైబిల్లో పెట్టుకుంటుందట. పోస్టుమాను కూడా, "ఏంటండీ, అమ్మాయి ఇల్లు మారిందా?" అన్నాడు.

డాక్టరు గొంతు చూసి, మెల్లగా మాట్లాడుకోవచ్చన్నాడు. ఇంకో మూడు నెలలు మాట్లాడొద్దని రాసిమ్మని మీ అత్తయ్య బతిమాలింది, ఆయన ఒప్పుకోలేదు. కాబట్టి ఉత్తరాలు ఇక చాలు.

నిన్న గుంటూరులో నక్షత్రం కొన్నాను. లోపల బల్బుతో, అయిదు మూలలా తోకలతో, నా అంత ఉంది. ఎంతని అడిగాను. ఎనిమిది వందల యాభై అన్నాడు కొట్టువాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. చెయ్యి దాని దాకా వెళ్లింది. మళ్లీ జేబులోకి వెళ్లింది. అడిగినంతా ఇచ్చేశాను. పాపం అతను కంగారుపడి, నోట్లు దొంగవేమోనని వెలుతురుకి పెట్టి చూశాడు. ఈ సంగతి మీ ఆయనకి నేను చెబుతాను, నువ్వు చెప్పకు.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాం. నిచ్చెన, గడకర్ర సిద్ధంగా పెట్టుకోండి. మీ వీధి నాకు తెలియదు. ఆటోవాడు ఎవరిల్లండీ అని అడుగుతాడు. ఆరాధన ఇల్లని చెబుతాను. ఆ మాత్రం గట్టిగా అనొచ్చని డాక్టరు చెప్పాడు.

మామయ్య